ఫ్యాన్‌ను కాల్చినా పదికి పది

నేను ఒక తుపాకీని. ఈ మాట చదవగానే చేతులు పైకెత్తిన పాఠకులెవరైనా ఉంటే నిశ్చింతగా దించుకోవచ్చు. నేను పుట్టి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో నా ట్రిగ్గరును సుమారు నాలుగు లక్షలసార్లు నొక్కారు. ఇంతవరకు ఒక్క పిట్టకు ఒక్క ఈక కూడా రాలలేదు. నా గొట్టంలో గుండుకు దారి లేదు. దాని కొసన కందిగింజంత గాజుకన్ను ఒకటి ఉంది. ట్రిగ్గరు నొక్కితే అందులోంచి కంటికి కనబడని వెలుగు బయలుదేరి ఇరవై అడుగుల దూరంలోని తెరమీద వాలుతుంది. అది ఎక్కడ వాలిందో కంప్యూటరు పసిగట్టి, అక్కడొక నల్లచుక్క పెట్టి, పక్కన అంకె వేస్తుంది. అదే క్షణంలో గోడమీది స్పీకరు ఢామ్మంటుంది. నా వెనక తగిలించిన రబ్బరు గొట్టంలోని గాలి మనిషి భుజాన్ని వెనక్కి ఒక్క తోపు తోస్తుంది. తుపాకీకి ఉండవలసిన బరువు, మోత, పొగరు అన్నీ నాకున్నాయి. చంపే శక్తి ఒక్కటే లేదు. వేదాంతులు ఇటువంటి స్థితిని ఏమంటారో తెలియదు. పోలీసు శాఖ మాత్రం సిమ్యులేటరు అంటుంది.

నా జన్మస్థలం నగర శివారు పారిశ్రామికవాడలోని ఒక రేకుల షెడ్డు. పక్కనే బిస్కెట్ల కర్మాగారం ఉండేది. అందుచేత నా బాల్యమంతా వెనిలా వాసనలో గడిచింది. ప్రతి తుపాకీ ట్రిగ్గరునూ వెయ్యిసార్లు నొక్కి పరీక్షించడం శకుంతల అనే ఉద్యోగిని పని. గురిపెట్టడానికి ఏదో ఒకటి కావాలి గనుక ఆమె ఎదురుగోడ మీది గడియారాన్ని ఎంచుకుంది. ఒక్క ఉదయంలో ఆమె నాచేత ఆ గడియారాన్ని వెయ్యిసార్లు కాల్పించింది. అయినా భోజన విరామం ఒక్క నిమిషమైనా ముందుకు జరగలేదు. నా ప్రతాపం ఎంతటిదో నాకు ఆనాడే బోధపడింది.

జిల్లా పోలీసు శిక్షణ కేంద్రానికి నేను చేరిన రోజున అక్కడివారికి ఒక ధర్మసందేహం కలిగింది. తుపాకీ గనుక నన్ను ఆయుధాగారంలో పెట్టాలి. తీగలున్నాయి గనుక కంప్యూటర్ల గదిలో పెట్టాలి. గుండు పట్టని వస్తువు తమది కాదని ఆయుధాగారం వారూ, ట్రిగ్గరున్న వస్తువు తమది కాదని కంప్యూటర్ల వారూ అన్నారు. మూడు రోజులు వరండాలో పడి ఉన్నాను. చివరకు పాత భోజనశాలను ఖాళీ చేయించి, తెర కట్టించి, ఏసీ బిగించి, నన్ను అందులో ప్రతిష్ఠించారు. తలుపు దగ్గర కొమురయ్య అనే కానిస్టేబులును నిజమైన తుపాకీతో కాపలా పెట్టారు. పేలని తుపాకీని ఎవరూ ఎత్తుకుపోకుండా పేలే తుపాకీ కాపలా కాసే చోటు లోకంలో ఇంకెక్కడైనా ఉన్నదో లేదో నాకు తెలియదు.

ఆ గోడల్లో పప్పుచారు వాసన ఇంకా మిగిలి ఉంది. అది ఎవరినీ బాధించలేదు. ఎందుకంటే బయట నలభై నాలుగు డిగ్రీలు. మొదటి ఏప్రిల్ నెలలోనే శిక్షణ కేంద్రంలో గురి మీద అపూర్వమైన ఆసక్తి పుట్టుకొచ్చింది. గుమాస్తాలు ఫైళ్లతో సహా వచ్చి వెనక బెంచీల మీద స్థిరపడ్డారు. ఒక ఇన్‌స్పెక్టరు రోజూ మధ్యాహ్నం వచ్చి ఒక్కటంటే ఒక్క గుండు కాల్చి, దాని ఫలితాన్ని రెండు గంటలసేపు కళ్లు మూసుకొని సమీక్షించేవారు.

నన్నూ, నా కంప్యూటరునూ చూసుకొనే కానిస్టేబులు పేరు జబ్బార్. అంతకుముందు శాఖ జీపులు బాగుచేసేవాడు. మనిషి తలుపంత వెడల్పు. మనసు మాత్రం ఎదుటివాడి ముఖం చిన్నబోతే తట్టుకోలేనంత మెత్తన. యంత్రాన్ని బిగించి వెళ్లిపోతూ కంపెనీ ఇంజనీరు అతన్ని పక్కకు పిలిచి, కంప్యూటరులో ఒక మూలనున్న చిన్న గడిని చూపించాడు. దానిమీద ‘అతిథి’ అని రాసి ఉంది. పెద్దవాళ్లు వచ్చినప్పుడు దాన్ని నొక్కాలి. అప్పుడు తుపాకీని ఎటు కాల్చినా చుక్క సరిగ్గా నడిబొడ్డున పడుతుంది. కిందివాళ్ల ఎదుట పైవాళ్ల గురి తప్పరాదన్నది ఎక్కడా రాసిలేని నిబంధన గనుక, యంత్రం కూడా దాన్ని నేర్చుకొని వచ్చిందన్నమాట.

ఆ గడి పుణ్యమా అని నేను ఎందరి చేతుల్లోనో మహాస్త్రాన్నయ్యాను. తనిఖీకి వచ్చిన ఒక అధికారి రెండు కళ్లూ మూసుకొని పదికి పది కొట్టి, “టచ్ పోలేదు” అని వినయంగా అన్నారు. పశువుల డాక్టరుకు పదికి పది. మరో అధికారి తన అత్తగారిని వెంటబెట్టుకొచ్చారు. ఆమె నన్ను వడ్లు దంచే రోకలిలా నిలువుగా పట్టుకొని పదికి పది సాధించి, “మా అల్లుడు దీన్ని నేర్చుకోవడానికి సంవత్సరం పట్టిందా?” అని నిజంగానే ఆశ్చర్యపోయింది. అల్లుడుగారు ఆ తర్వాత శిక్షణ కేంద్రం వైపు రాలేదు.

ఇలా నవ్వుకుంటూ కాలక్షేపం చేస్తున్న నా జీవితంలోకి, ఒక సోమవారం ఉదయం, హెడ్ కానిస్టేబుల్ రాజవీరు ప్రవేశించాడు.

ఆయనకు యాభై నాలుగేళ్లు. శిక్షణ కేంద్రం బ్యాండులో ముప్పై ఏళ్లుగా క్లారినెట్ వాయిస్తున్నాడు. పరేడుకు, పతాక వందనానికి, పదవీ విరమణకు, అంత్యక్రియలకు ఆ బ్యాండు వాయించని సందర్భం లేదు. వార్షిక కాల్పుల పరీక్ష రోజున కూడా మైదానంలో మొదట బ్యాండు వాయించడం ఆచారం. వాయించినవాళ్లు వచ్చినట్టే, వచ్చినవాళ్లు కాల్చినట్టే, కాల్చినవాళ్లు నెగ్గినట్టే. ఈ తర్కం ప్రకారం రాజవీరు తుపాకీ ముట్టకుండానే ఏటా నెగ్గుతూ వచ్చాడు. ఆ తర్కాన్ని ఈ ఏడు ఎవరో తీరిగ్గా చదివారు.

బ్యాండు మాస్టరు రిటైరై ఎనిమిది నెలలయింది. ఆ స్థానంలో కూర్చోవాలంటే ఏఎస్సై హోదా ఉండాలి. ఏఎస్సై కావాలంటే నిజమైన మైదానంలో, నిజమైన తుపాకీతో పది గుండ్లు కాల్చి, ఆరింటిని వలయంలో వేయాలి. ఆ హోదాకు వరసలో ఉన్నవాడు రాజవీరు ఒక్కడే. శిక్షణ కేంద్రం అధిపతిని అక్కడ అందరూ పెద్దసారు అంటారు. ఆయన తేల్చి చెప్పేశారు: శనివారం పరీక్షలో రాజవీరు నెగ్గకపోతే మాస్టరు లేని బ్యాండు అనవసరం, తక్కిన పదకొండు మందిని ఖజానాల దగ్గర కాపలాకు పంపేయండి, పరేడుకు పెన్‌డ్రైవులో పాట పెట్టి స్పీకరు వేద్దాం.

ఈ మాట విన్నప్పుడు నాకు సిగ్గు వేసింది. తుపాకీకి నేను ఎటువంటిదాన్నో, బ్యాండుకు ఆ పెన్‌డ్రైవు అటువంటిది. నా జ్ఞాతి ఒకడు పన్నెండు మంది నోళ్లలోంచి పాట లాక్కోబోతున్నాడు. ఆ పని ఆపడానికి ఐదు రోజుల గడువుంది. సాధనంగా మళ్లీ నేనే ఉన్నాను.

సోమవారం ఆయన నన్ను ఎత్తి భుజానికి ఆనించాడు. అంత శుభ్రమైన వేళ్లు నేను అదివరకు ఎరగను. ట్రిగ్గరును తాకడానికి ముందు అవి దాని అనుమతి అడిగినట్టు ఆగాయి. ఆ తర్వాత స్పీకరు ఢామ్మంది. రాజవీరు నాతో సహా జానెడు ఎగిరాడు. ముప్పై ఏళ్లుగా స్వరంలో వెంట్రుకంత తేడాను పట్టుకొన్న చెవులవి. వాటికి ఆ మోత చెంపదెబ్బ. రెండో గుండు నుంచి మోత రాకముందే ఎగరసాగాడు. పది కాల్పులు ముగిసేసరికి రెండు చుక్కలు వలయంలో పడ్డాయి. నాలుగు తెర అంచుల్లో ఉన్నాయి. మిగిలిన నాలుగు ఎటుపోయాయో కంప్యూటరు కూడా చెప్పలేకపోయింది.

వెంట వచ్చిన పెద్ద డ్రమ్ము కళాకారుడు ఓదెలు తెరవైపు చాలాసేపు చూసి, “అన్నా, గిది మనకు గిట్టే పని కాదు. ఖజానా కాడ నీడ ఉంటదంటవా?” అన్నాడు.

రాజవీరు ముఖం చిన్నబోయింది. ఆ ముఖాన్ని జబ్బార్ చూశాడు.

మంగళవారం రాజవీరు తిరిగి వచ్చేసరికి జబ్బార్ అతిథి గడిని నొక్కి ఉంచాడు. ఒకటి: పది. రెండు: పది. ఆయన ఎగురుతూనే ఉన్నాడు, నా గొట్టం గాలిలో ముగ్గులు వేస్తూనే ఉంది, తెరమీద చుక్కలు మాత్రం ఒకదానిమీద ఒకటి ఒద్దికగా కూర్చుంటున్నాయి. ఓదెలు పరుగెత్తుకెళ్లి బ్యాండును పిలుచుకొచ్చాడు. జిలేబీ వచ్చింది. నా వెన్నుమీద కూడా కొంత పాకం కారింది. అందరూ నవ్వుతున్న ఆ హాలులో రాజవీరు ఒక్కడే చేతిలో జిలేబీ పట్టుకొని, ఎక్కడో శ్రుతి తప్పిన వాద్యం వినబడుతున్నట్టు తల పక్కకు వంచి నిలబడ్డాడు.

జబ్బార్ ఆ సంబరంలో గడిని విడిచిపెట్టడం మరిచిపోయాడు. ఆ సాయంత్రం నుంచి మర్నాటి మధ్యాహ్నం దాకా సాధనకు వచ్చిన నలభై మంది కానిస్టేబుళ్లకూ పదికి పది. నరేందర్ అనే ఒక యువకుడు తన అంకెలను ఫొటో తీసి ఫోనులో లోకానికంతటికీ చూపించుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం రాజవీరు ఒక్కడే వచ్చాడు. వెనక బెంచీమీద ఓదెలు కునుకు తీస్తున్నాడు. రాజవీరు నన్ను ఎత్తి, రెండు కళ్లూ గట్టిగా మూసుకొని నొక్కాడు. పది. తర్వాత నన్ను పైకెత్తి, తిరుగుతున్న సీలింగు ఫ్యానుకు గురిపెట్టి నొక్కాడు. పది. వెనక్కి తిరిగి, నన్ను భుజం మీదుగా తెరకు అవతలి దిక్కున పెట్టి, జబ్బార్ చేతిలోని చాయ్ కప్పును కాల్చాడు. పది. జబ్బార్ చాయ్ మింగలేకపోయాడు.

“జబ్బార్.”

“చెప్పన్నా.”

“నేను ఫ్యానును కొట్టిన. పదంటుంది. ఫ్యాను సచ్చిందా మరి?”

“లేదన్నా. తిరుగుతుంది.”

“నీ కప్పును కొట్టిన. పగిలిందా?”

జబ్బార్ కప్పును కింద పెట్టాడు. “అన్నా, నీ మొకం చూడలేక నొక్కిన. గంతే. వేరే ఏం లేదు.”

“మొన్న రెండు పడ్డయి. ఆ రెండు నాయి. నిన్న పది, ఇయ్యాల మూడు. గీ పదమూడు ఎవలియి?” రాజవీరు గొంతు పెంచలేదు. “ముప్పై ఏండ్ల సంది ఊదుతున్న. నేను అపస్వరం వాయించిన్నాడు ఎవడన్న సప్పట్లు కొడితే నాకు ఏడుపొస్తది. నువ్వు నాకు జిలేబీలు పంచినవ్.”

“జిలేబీలు నేను తెచ్చిన,” అని ఓదెలు బెంచీమీంచి కళ్లు తెరవకుండానే సవరించాడు.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. ఆయుధ శిక్షణ చూసే ఆర్‌ఎస్సై వసుంధర రెండు రోజుల కోర్టు పని ముగించుకొని వచ్చింది. రాజవీరు చేతిలో నేను ఇంకా ఫ్యాను వైపే చూస్తున్నాను.

“ఏం జరుగుతోందిక్కడ?”

“ఫ్యాను గట్టిదా కాదా అని చూస్తున్నం మేడం,” అన్నాడు రాజవీరు. తనను అవమానించిన స్నేహితుణ్ని అంత తొందరగా కాపాడబోయిన మనిషిని నేను చూడలేదు.

ఆమె తెరను చూసింది, ఫ్యానును చూసింది, చివరికి జబ్బార్‌ను చూసింది. జబ్బార్ లేచి నిలబడి ఉన్నదంతా చెప్పేశాడు. ఆమె అతన్ని తిట్టలేదు. “ఆ గడిని ఆపండి. ఇప్పుడే. ఆ నలభై మందికీ మార్కులు చెల్లవని చెప్పి రండి,” అంది. జబ్బార్ వెళ్లి నలభై మందికీ చెప్పాడు. నలభై మందీ శ్రద్ధగా విని, మిగతా ముప్పై తొమ్మిది మందిని తలచుకొని జాలిపడ్డారు.

వసుంధర రాజవీరుచేత అయిదు గుండ్లు కాల్పించింది. వలయంలో ఒకటే పడింది. అప్పుడామె కంప్యూటరులో నా రెండో విద్యను తెరిచింది. చుక్క ఎక్కడ పడిందో చూపడం నా మొదటి విద్య. నొక్కడానికి ముందు నా గొట్టం ఎటెటు తిరిగిందో గీతగా గీసి చూపడం రెండోది. అతిథులెవరికీ దీని అవసరం కలగలేదు.

“ఈ గీత చూడండి. ఇక్కడిదాకా చక్కగా వచ్చింది. మీ చెయ్యి వణకడం లేదు. ఇదిగో, ఇక్కడ ఒక్కసారిగా కిందికి పడిపోయింది. చప్పుడు ఇంకా రాలేదు. వస్తుందని తెలిసి ముందే ఉలిక్కిపడుతున్నారు.”

రాజవీరు ఆ గీతను పాట రాసిన కాగితం చదివినట్టు ఎడమ నుంచి కుడికి చదివాడు. “చెయ్యి మంచిదే మేడం. చెవులే దొంగయి,” అన్నాడు.

ఓదెలు ఇప్పుడు పూర్తిగా లేచి కూర్చున్నాడు. “అన్నా, ఒక మాటడుగుత. ముప్పై ఏండ్ల సంది నా డ్రమ్ము నీ చెవు పక్కనే మోగుతుంది. గీ స్పీకరు కన్న నేనే గట్టిగ కొడ్త. ఒక్కనాడన్న ఎగిరినవా?”

“నీ డ్రమ్ముకు నేనెందుకెగుర్త?”

“అదే గదా అడిగేది.”

రాజవీరు నన్ను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. మెల్లగా, తనకు తాను చెప్పుకుంటున్నట్టుగా అన్నాడు. “నీ డ్రమ్ము కోసం నేను ఆగను. నా పాట నేను ఊదుతుంట. నడుమల నువ్వొస్తవ్, పోతవ్. గీడ నేను పాట బంద్ చేసి మోత కోసం చూస్తున్న.”

ఇదే సంగతిని వసుంధర ఆరేళ్లుగా నల్లబల్లమీద బాణాలు గీసి బోధిస్తోంది: తుపాకీ ఎప్పుడు పేలుతుందో కాల్చేవాడికే ముందుగా తెలియకూడదని. ఇంత పొట్టిగా ఎన్నడూ చెప్పలేకపోయింది.

ఆయన లేచాడు. గుండె నిండా ఊపిరి తీసుకొని, సగం వదిలి, పెదవులు మూసి, గొంతులో ఒక దీర్ఘస్వరం పట్టాడు. ఆ స్వరం నా చెక్క గుండా నా లోపలికి దిగింది. ఆ ప్రకంపనలో నేను మొదటిసారి తుపాకీనన్న సంగతి మరిచిపోయాను. ఆయన చూపుడువేలు క్లారినెట్ రంధ్రాన్ని మూసినంత మెల్లగా, ముగింపు అంటూ లేనట్టుగా వంగుతూ వచ్చింది. స్వరం నడుమ ఎక్కడో మోత వచ్చింది, పోయింది. స్వరం తెగలేదు. తెరమీద చుక్క వలయంలో ఉంది.

“ఇగో, డ్రమ్ము ఇట్ల రావాలె,” అన్నాడు ఓదెలు, అదంతా తానే నేర్పినట్టు.

గురువారం పదింట అయిదు పడ్డాయి. శుక్రవారం మూడుసార్లు కాల్చాడు: ఆరు, ఎనిమిది, ఏడు. నేను ఆనందంతో తలకిందులయ్యేదాన్నే, రబ్బరు గొట్టం పట్టుకొని ఉండకపోతే. కాని సాయంత్రం వసుంధర మెల్లగా ఒక చన్నీళ్ల చెంబు కుమ్మరించింది. “ఇక్కడ ఎండ లేదు, గాలి లేదు, కళ్లలోకి చెమట దిగదు. ఇది భుజాన్ని తోస్తుంది, అసలు తుపాకీ గుద్దుతుంది. రేపు ఆ సంగతి మనసులో పెట్టుకోండి,” అంది. ఆమె చెప్పినది నిజం. నేను నేర్పగలిగినంత నేర్పాను. నేర్పలేనిదేమిటో నాకు తెలియదు. గుద్దడం ఎట్లా ఉంటుందో నేనెరగను.

శనివారం హాలులో సాధన ఉండదు. కొమురయ్య ఏసీ ఆపి కిటికీలు తెరిచాడు. కాల్పుల మైదానం వెనకనున్న గుట్ట అవతల ఉంది. తొమ్మిదింటికి బ్యాండు వినిపించింది. అందులో క్లారినెట్ లేదు. ముందుపళ్లు ఊడిన నవ్వులాగుంది ఆ పాట. తర్వాత కాల్పులు మొదలయ్యాయి. అయిదుగురు అయిదుగురుగా బోర్లా పడుకొని కాలుస్తారు. మూడో జట్టులో నేను ఆయన్ను గుర్తుపట్టాను. మిగిలిన నలుగురూ పేలాలు వేయించినట్టు గబగబా పేల్చేసి ఒక్క నిమిషంలో ఊరుకున్నారు. ఒక తుపాకీ మాత్రం ఒక్కొక్క నిండు శ్వాసకు ఒక్కొక్కసారి మోగుతూ మిగిలింది. ఆరు. ఏడు. ఎనిమిదోది కాస్త తొందరపడింది. తొమ్మిది. పది.

ఆ తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. తరువాతి జట్టు కాల్చవలసిన సమయం దాటిపోయింది. ఉన్నట్టుండి అదే తుపాకీ, అదే లయలో, ఒంటరిగా మళ్లీ మొదలుపెట్టింది. ఒక మనిషికి పది గుండ్లే నియమం. నేను లెక్కపెట్టాను. మళ్లీ పది.

కాసేపటికి జబ్బార్ చెమటలు కక్కుతూ హాలులోకి వచ్చాడు.

“ఏమయిందే జబ్బారూ,” అన్నాడు కొమురయ్య. “ఒక్కోడు ఇరవై కాలుస్తున్నడా?”

“ముందు నీళ్లియ్యి.” సీసా సగం ఖాళీ చేశాడు. “మొదలు పది కాల్చిండు గదా రాజవీరన్న. గురి కాగితం తెస్తే పదకొండు బెజ్జాలున్నయి.”

“పది గుండ్లకు పదకొండా?”

“పక్కపొంటి నరేందర్ గాడు. మన పదికి పది మొనగాడు. వాని కాగితం చూస్తే ఇస్త్రీ చేసిన అంగీ లెక్కున్నది. తొమ్మిది గుండ్లు గుట్టకిచ్చిండు, ఒకటి అన్న కాగితానికిచ్చిండు.”

“వలయంల ఎన్ని?”

“సరిగ్గ ఆరు.”

“పాసే గదరా.”

“అందరం గదే అన్నం. పెద్దసారు సంతకం చేద్దమని పెన్ను గుడ తీసిండు. అన్న ఏమన్నడో ఎరికేనా? ‘సార్, ఈ ఆరుట్ల ఒకటి నరేందర్‌ది గావచ్చు. నేను నరేందర్ గుండుతోని బ్యాండు మాస్టర్ను గాలేను’ అన్నడు.”

కొమురయ్య తుపాకీని గోడకు ఆనించాడు. కాపలాలో ఉన్నవాడు అలా చేయరాదు; ఆ క్షణాన నేనూ ఏమీ అనలేదు.

“ఓదెలు కాళ్లమీద పడుడొక్కటే తక్కువ. ‘అన్నా, ముప్పై ఏండ్లు ఊదినవ్, ఇంకొక్క నిమిషం నోట్ల క్లారినెట్ ఉన్నదనుకొని ఊకో’ అన్నడు. అన్న వింటేనా? పెద్దసారు అడిగిండు, ‘మళ్లీ కాలిస్తే పాత ఆరు పోతయి. తప్పితే బ్యాండు గుడ పోతది. ఒప్పుకుంటవా?’ అని. అన్న ఎనకకు తిరిగి ఆ పదకొండు మందిని చూసిండు. ఒక్కడు గుడ వద్దనలే. వాళ్లు గుడ పాటగాళ్లే గదా. ఓదెలు మాత్రం ముక్కు చీదుకున్నడు.”

“మరి?”

“అన్న పండుకున్నడు. మూతి మూసి రాగం పట్టిండు. ఎనకనుంచి ఒకడు సన్నగ అందుకున్నడు. ఇంకొకడు అందుకున్నడు. చూస్తుండగ పదకొండు మంది మూతులు మూసుకొని ఝుమ్మంటున్నరు. వసుంధర మేడం ఇటు తిరిగి, ‘ఏంటా శబ్దం’ అన్నది. ఓదెలు, ‘తేనెటీగలు మేడం’ అన్నడు.”

“మేడం ఏమన్నది?”

“‘శ్రుతి తప్పకపోతే ఉండమనండి’ అన్నది.”

కొమురయ్య నవ్వబోయి ఆగాడు. “ఎన్ని పడ్డయో అది చెప్పు ముందు.”

“నేనెందుకు చెప్పుడు? అగో, మనిషే వస్తుండు.”

రాజవీరు లోపలికి వచ్చాడు. మోచేతులకు ఎర్రమట్టి, కుడి భుజంమీద చొక్కా నలిగి ఉంది. వెనక పదకొండు మంది, వారి వెనక వసుంధర. ఒక్కరి ముఖమూ ఏమీ చెప్పడం లేదు. ఆయన చేతిలోని కాగితాన్ని కొమురయ్యకు అందించి, “ఎంచు,” అన్నాడు.

కొమురయ్య దాన్ని కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకొని, వలయంలోని రంధ్రాలను పైకి లెక్కపెట్టాడు. “ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు.” ఆగాడు. ఇంకొకసారి చూశాడు. “అయిదే ఉన్నయన్నా,” అన్నాడు.

“బొటనవేలు తియ్యి,” అన్నాడు రాజవీరు.

కొమురయ్య బొటనవేలు తీశాడు. దాని కింద రెండు రంధ్రాలున్నాయి, అక్కాచెల్లెళ్లలా ఆనుకొని.

ఏడు. నేను నాలుగు లక్షల చుక్కలు పెట్టినదాన్ని. నావన్నీ గుండ్రంగా, నల్లగా, ఒక్క పోలికలో ఉంటాయి. కంప్యూటరు ఆపితే మాయమవుతాయి. ఈ ఏడింటిలో ఏ రెండూ ఒకలా లేవు. అంచులు చినిగి, కొద్దిగా కమిలి, ఒక్కొక్కదానిలోంచి కిటికీ వెలుగు ఒక్కొక్క తీరున కారుతోంది. వాటిని చెరిపే గడి ఏ కంపెనీ దగ్గరా లేదు.

అప్పటిదాకా బిగపట్టుకొన్న బ్యాండు ఒక్కసారిగా తెగింది. ఎవరో బెంచీని డ్రమ్ము చేశారు. జబ్బార్ రాజవీరును అమాంతం ఎత్తి, ఎత్తినవాణ్ని ఎక్కడ దించాలో తోచక హాలంతా ఒక చుట్టు తిప్పి, నా పక్కనే దించాడు. “ఏడు బెజ్జాలన్నా. ఇంకేంది, ఊదుడే,” అన్నాడు.

రాజవీరు ఆ మాటను నవ్వుకోసం అన్నదిగా తీసుకోలేదు. కాగితాన్ని తిరిగి తీసుకొని బల్లమీద పరిచాడు. ఏడూ ఒకే వైపుకు వచ్చేటట్లు శ్రద్ధగా, గొట్టంలా చుట్టాడు. ఒక కొసను నొక్కి పీకలా చేశాడు. వేళ్లకు అందినన్ని రంధ్రాల మీద వేళ్లు ఆనించి, కళ్లు మూసుకొని, నిండుగా ఊపిరి తీసి ఊదాడు.

వచ్చిన శబ్దాన్ని వర్ణించడానికి నా చదువు చాలదు. జలుబు చేసిన బాతు ఒకటి పెద్దల ముందు పద్యం చదవబోయి మరిచిపోతే అలాగుంటుందేమో. ఓదెలు నేలమీద కూలబడ్డాడు. వసుంధర గోడవైపు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు మాత్రం అందరికీ కనబడుతూనే ఉన్నాయి. ముప్పై ఏళ్లలో రాజవీరు పెదవులనుంచి అంతటి అపస్వరం వెలువడి ఉండదు. చప్పట్లు కొట్టినవారిలో ఒక్కరికీ ఆ విషయంలో సందేహం లేదు.

రాజవీరు గొట్టాన్ని దించి, వెలుగులో అటూ ఇటూ తిప్పి, కన్ను చికిలించి పరీక్షించాడు.

“రెండో బెజ్జం జర కిందికి పడాల్సుండె,” అని, వేళ్లు సర్దుకొని, మళ్లీ ఊపిరి తీసుకున్నాడు.